మూడో అంకంలో హంతకుడు

కొత్తగుంటపాలెం, గురజాల పోస్టు
1945 సెప్టెంబరు

ఒరేయ్ బ్రహ్మం,

నీ ఉత్తరం అందిన రోజున బడికి సెలవిచ్చేశాను. హెడ్మాస్టర్నీ నేనే, పంతుల్నీ నేనే కాబట్టి అడిగేవాడు లేడు. మన "గడియ పడిన గది" సినిమా అవుతోందా! నరసరావుపేటలో తడికెల పాకలో, పెట్రోమాక్సు దీపాల కింద ఆడిన నాటకం మద్రాసు కెమెరాల ముందుకు పోతోందా! నువ్వు రాసింది నాలుగుసార్లు చదివి గానీ నమ్మలేదు.

మొదటి ఆట నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది. నాకు హత్యయ్యే భార్య కుసుమ వేషం కట్టి, మీసం గీయించి, మీ అక్కయ్యగారి చీర చుట్టావు. రెండో అంకంలో నేను చచ్చి పడి ఉంటే జనం "ఒన్స్‌మోర్" అని గోల. శవం లేచింది, పమిట సర్దుకుంది, చచ్చేముందు పాడిన పద్యం మళ్ళీ పాడింది, మళ్ళీ చచ్చింది. హంతకుణ్ణి కనిపెట్టాల్సిన నాటకంలో శవమే లేచి పాడితే ఇంకేం కనిపెడతార్రా అని నువ్వు తెర వెనక తల బాదుకున్నావు.

కంపెనీ వాళ్ళు అసలు సంగతేమిటో రాసి పంపమన్నారన్నావు గదా. నీకు తెలిసిందే అయినా వాళ్ళకి చూపించేందుకు జరిగింది జరిగినట్టు రాస్తున్నా. మా ఊరి కామందు ధనుంజయరావు గారి భార్య అన్నపూర్ణమ్మ గారు పత్తికొట్లో ఉరికి వేలాడుతూ కనిపించింది. తలుపుకి బయట గడియ పడి ఉంది. లోపల ఉరి పోసుకున్న మనిషి బయట గడియ ఎట్లా వేసుకుంటుందని ఎవరూ అడగలేదు. ఆ రోజు పొద్దుటే ఆ గడియ వేసి వెళ్ళిపోతున్న కామందుని చూసిన మనిషి ఒక్కడే. ఆ ఇంట్లో పాలేరుగా ఉన్న మా నాన్న, యేసుపాదం. ఆ మాట చెప్పబోతే స్టేషనులో చావబాది పంపించారు. ఆత్మహత్య అని కేసు మూసేశారు. తరవాత ఊళ్ళో సగంమంది కామందు చంపాడనీ, సగంమంది ఆమె మెడలోని బంగారు నాను కోసం పాలేరే చంపాడనీ గుసగుసలు. నాన్న తల వంచుకుని తిరిగాడు.

నీ నాటకంతోనే ఆయన తలెత్తాడు. మూడో అంకంలో పాలేరు చిన్నప్ప సభ మధ్యకొచ్చి, "గడియ వేసింది ఈయనే" అని భర్త వైపు వేలు చూపిస్తే, నేల మీద కూర్చున్న మా నాన్న కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. "నేను చెప్పలేని మాట వాడు చెప్పాడ్రా" అన్నాడు ఆ రోజు. ఆ ఆట చూసొచ్చిన మా ఊరివాళ్ళు చెప్పాకే ఊళ్ళో గుసగుసలు అణిగాయి. అందుకని ఒక్కటే అడుగుతున్నా. పాటలు పెట్టుకోండి, డాన్సులు పెట్టుకోండి. ఆ మూడో అంకం మాత్రం చెడగొట్టనివ్వకు.

నీ కృపాదానం


తేనాంపేట, మద్రాసు
1945 నవంబరు

ప్రియమైన కృపా,

ఇక్కడ నన్ను "రైటర్ సార్" అంటున్నారు. కూర్చోమని మాత్రం ఎవరూ అనరు. స్టూడియోలో అన్నపూర్ణమ్మగారి పత్తికొట్టు కట్టారు, చూస్తే నవ్వొస్తుంది. పత్తికొట్టుకి పాలరాతి స్తంభాలు పెట్టారు. మీ పల్నాట్లో పత్తి ఇట్లాంటి కొట్లలో ఉంటుందా అని నేనడిగితే, కంపెనీ ప్రొప్రైటరు గారు, "జనం డబ్బిచ్చేది వాళ్ళ కొట్టు చూడ్డానికి కాదయ్యా" అన్నారు.

నీకో గొప్ప కబురు. భర్త వేషానికి ఎవర్ని తీసుకున్నారో తెలుసా? కోటేశ్వరమూర్తి గారిని! రాముడి వేషానికి పుట్టిన మనిషి. ఆయన తెర మీదికి రాగానే ఊళ్ళల్లో కొబ్బరికాయలు కొడతారు, హారతులిస్తారు. అంత పేరున్న నటుడు మన కథలో వేస్తుంటే ఇక సినిమా ఆడకుండా పోతుందా?

మూడో అంకం గురించి బెంగపడకు. అది లేకపోతే నాటకమే లేదు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ రామబ్రహ్మం


కొత్తగుంటపాలెం
1946 ఫిబ్రవరి

ఒరేయ్ బ్రహ్మం,

మా ఊరంతా చాటింపు వేసినట్టే అయింది. వేసినవాణ్ణి నేనే. బడిలో చెప్పాను, ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక చెప్పాను, గురజాల సంతలో చెప్పాను. "మన ఊళ్ళో జరిగింది జరిగినట్టు సినిమా తీస్తున్నారు. ఎవరు చంపారో లోకమంతా చూస్తుంది" అని. సంఘ పెద్ద రామయ్య గారు నాలుగుసార్లు అడిగారు, "ఉన్నదున్నట్టే తీస్తారా?" అని. ఉన్నదున్నట్టేనని నాలుగుసార్లూ చెప్పాను.

కామందు చెవిన కూడా పడింది. మొన్న నాన్న దారిన పోతుంటే పిలిచి, "ఏందిరా యేసుపాదం, నీ కొడుకు సినిమా తీయిస్తన్నాడంట" అన్నాడట. నాన్న "అయ్యా" అని మాత్రం అన్నాడట. కానీ కామందు మొహం తెల్లబోయిందని ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు. ఆయన అంత సంబరపడటం మా అమ్మ దేవమ్మ పోయాక నేను చూళ్ళేదు.

"ఎప్పుడొస్తదిరా?" అని రోజూ అడుగుతున్నాడు. ఎప్పుడొస్తుందో ఒక ముక్క రాయి.

కృపాదానం


మద్రాసు
1946 ఏప్రిల్

కృపా,

పనుల ఒత్తిడిలో నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. సినిమా ఇంకా పూర్తి కాలేదు. చిన్నచిన్న మార్పులు చేస్తున్నారు, సినిమా అన్నాక తప్పవు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మంచినీళ్ళకి కూడా కష్టంగా ఉంది. నాకు జలుబు చేసింది.

ఊళ్ళో అప్పుడే అంతగా చెప్పకుండా ఉండాల్సింది. నాన్నగారి ఆరోగ్యం జాగ్రత్త.

రామబ్రహ్మం


కొత్తగుంటపాలెం
1946 డిసెంబరు

ఒరేయ్ బ్రహ్మం,

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, నీ జలుబు మాత్రం పోలేదా? రెండు కార్డులు రాశా, ఉలుకూ పలుకూ లేదు. ఆ "చిన్నచిన్న మార్పులు" ఏమిటని అడిగా, దానికీ జవాబు లేదు. పెద్దవాడివైపోయావులే.

సరే, నువ్వు చెప్పకపోయినా కబురు వచ్చింది. గురజాలకి డేరా సినిమా వచ్చింది. వచ్చే శనివారం నుంచి మన బొమ్మే. మా గూడెం నుంచి మూడు బళ్ళు కట్టాం. సంఘ పెద్దలూ, ఆడవాళ్ళూ, అందరూ వస్తున్నారు. ఊళ్ళో నుంచి రైతులు వేరే బళ్ళలో వస్తున్నారు. నాన్న చాకలాయనకి కండువా ఇచ్చి ఉతికించుకున్నాడు. ముందు బండిలో తానే కూర్చుంటానంటున్నాడు.

ఇంత ఆనందం మా ఇంటికి నీ వల్ల వచ్చింది. అలక మానుకుని రాయి.

నీ కృపాదానం


మద్రాసు
1946 డిసెంబరు

కృపా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే రాస్తున్నా. నాన్నగారిని ఆ సినిమాకి తీసుకెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటా, తీసుకెళ్ళకు.

ఇన్నాళ్ళూ దాచాను. కోటేశ్వరమూర్తి గారు షూటింగు సగం అయ్యాక అడ్డం తిరిగారు. "పల్లెల్లో నా పటానికి పూజలు చేస్తారు. రాముడి వేషం వేసిన మొహంతో భార్యని చంపమంటారా?" అన్నారు. ప్రొప్రైటరు గారు ఆయన కాళ్ళ మీద పడ్డంత పని చేశారు. ఆయన ససేమిరా అన్నారు. భర్త హంతకుడు కాకూడదు. కథలో ఇంకెవరు మిగిలారు? చిన్నప్ప. నాను కోసం చిన్నప్పే చంపినట్టు, చివర్న ఉరికంబం ఎక్కినట్టు మార్చేశారు. భర్త భార్య పటం ముందు ఏడుస్తూ పద్యం పాడతాడు.

నేను ఒప్పుకోనన్నాను. కంట్రాక్టు కాగితం చూపించారు. కథ వాళ్ళది, ఏమైనా చేసుకోవచ్చనుంది. నేను సంతకం పెట్టాను. నీకు ఎట్లా రాయాలో తెలియక రోజులు నెట్టాను. ఈ ఉత్తరం శనివారానికి ముందే అందాలని దేవుణ్ణి వేడుకుంటున్నా.

బ్రహ్మం


కొత్తగుంటపాలెం
1947 జనవరి

రామబ్రహ్మం గారికి,

మీ ఉత్తరం సోమవారం అందింది. మేం సినిమా చూసింది శనివారం.

ఎట్లా జరిగిందో మీరు తెలుసుకోవాలి కాబట్టి రాస్తున్నా. డేరా కిక్కిరిసి ఉంది. మీ కోటేశ్వరమూర్తి తెర మీదికి రాగానే ముందు వరసలో కొబ్బరికాయలు కొట్టారు. మా గూడెం ఆడవాళ్ళు కూడా చేతులు జోడించారు, ఏసుక్రీస్తుని నమ్మినవాళ్ళు. నాన్న మాత్రం, "ఇప్పుడు మొక్కుతున్నారు గదా, మూడో అంకంలో చూస్తార్లే" అని నా చెవిలో నవ్వుతూ చెప్పాడు.

మూడో అంకం వచ్చింది. చిన్నప్ప సభ మధ్యకి వచ్చాడు. నాన్న లేచి నిలబడ్డాడు, వెనకవాళ్ళు కూర్చోమని అరుస్తున్నా వినలేదు. చిన్నప్ప వేలు చూపించలేదు. మోకాళ్ళ మీద పడి, "అమ్మగారిని నేనే చంపాను బాబూ" అన్నాడు. డేరా అంతా చప్పట్లు. ఉరికంబం చూపించినప్పుడు ఈలలు వేశారు.

నాన్న కూర్చోవడం కూడా మర్చిపోయాడు. నేను చెయ్యి పట్టుకుని లాగితే, "మనం తప్పు డేరాలోకి వచ్చామేమోరా" అన్నాడు.

మూడు బళ్ళూ చీకట్లో గూడెం చేరాయి. బండి దిగేటప్పుడు రామయ్య గారు నాతో, "ఉన్నదున్నట్టే తీస్తారని నువ్వే అన్నావు గదరా" అన్నాడు. నాలుగుసార్లు చెప్పింది నేనే. మీరు దాచారు, నేను చాటాను. ఇద్దరం కలిసి మా నాన్నని ఉరికంబం ఎక్కించాం.

ఎం. కృపాదానం


మద్రాసు
1947 జనవరి

కృపా,

నన్ను "గారు" అన్నావు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఊరికే కూర్చోలేదు. ప్రొప్రైటరు గారి దగ్గరికి వెళ్ళాను. ఒక చిన్న ఊళ్ళో నిజంగా ఒక మనిషి ఉన్నాడని, ఆయన బతుకు పాడవుతోందని చెప్పాను. ఆయన జాలిగానే విన్నారు. చివరికి, "మరీ బాధపడకయ్యా, కృష్ణా గుంటూరుల్లో బొమ్మ బ్రహ్మాండంగా పోతోంది" అని నా భుజం తట్టారు. ఒక ప్లీడరు దగ్గరికి వెళ్ళాను. సినిమాలో యేసుపాదం అన్న పేరు ఎక్కడైనా ఉందా అన్నాడు. లేదన్నాను. అయితే కేసు లేదన్నాడు. పత్రికకి రాశాను, వెయ్యలేదు. కోటేశ్వరమూర్తి గారి ఇంటి ముందు పొద్దున్నుంచీ నిలబడ్డాను. బయటికొచ్చి నా మాట విని, "పాపం" అని కారెక్కారు.

ఇంకేం చెయ్యాలో తెలియడం లేదు. దీనితో పాటు ఒక కాగితం పెడుతున్నా. అసలు నాటకంలో హంతకుడు భర్తేననీ, కంపెనీ వాళ్ళే మార్చారనీ, యేసుపాదం గారు నిరపరాధి అనీ రాసి సంతకం చేశాను. మీ గుడిలో, రచ్చబండ దగ్గర, ఎక్కడైనా చదివి వినిపించు. రమ్మంటే నేనే వచ్చి చెప్తా.

బ్రహ్మం


కొత్తగుంటపాలెం
1947 ఫిబ్రవరి

రామబ్రహ్మం,

నీ కాగితం చదివాను. రచ్చబండ దగ్గరా చదివాను, గుడిలోనూ చదివాను. వింటున్నంతసేపూ అందరూ మర్యాదగానే విన్నారు. అయ్యాక ఒకాయన అడిగాడు: "ఈ రాసినాయనెవరు?" సినిమా రాసినాయనే అన్నాను. "మరి అక్కడ చిన్నప్పే చంపాడని రాసి, ఇక్కడ కాదని రాస్తే ఏది నమ్మేది?" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు వచ్చి చెప్పినా అదే ప్రశ్న. రావొద్దు.

ఇంకొకామె నాతో మెల్లగా అంది, "ఆయన మొహం చూశావా అయ్యా? కళ్ళల్లో దయ కారిపోతంది. అట్టాంటాయన పెళ్ళాన్ని చంపుతాడా?" కోటేశ్వరమూర్తి సంగతే ఆమె చెప్తోంది. కానీ ఆ మర్నాటి నుంచి ధనుంజయరావు ఎదురొస్తే ఆడవాళ్ళు పక్కకి జరిగి, "పాపం అయ్యగారు, ఎంత గుండెకోత అనుభవించాడో" అనుకుంటున్నారు. ఆయన మొహంలోని తెలుపు పోయింది. జుట్టు కూడా సినిమాలోలా పక్కకి దువ్వుతున్నాడు. ఇది చూసి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

ఇంక అసలు సంగతి. నెలకోసారి గురజాల నుంచి పాస్టరయ్య వచ్చి ప్రభు బల్ల పెడతాడు. రొట్టె, ద్రాక్షరసం, అవే క్రీస్తు శరీరం, రక్తం అని మా నమ్మకం. నాన్నకి ఊహ తెలిసినప్పటి నుంచి ఆ బల్ల తప్పలేదు. స్టేషనులో దెబ్బలు తిన్న వారం కూడా పాకుతూ వెళ్ళాడు. పోయిన నెల రామయ్య గారు ముందుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. "సంఘం ముందు పాపం ఒప్పుకోకుండా బల్ల ముట్టుకుంటే అది నీకే శాపం, అన్నా. నీ మంచికే చెప్తన్నా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఏడుస్తూ అన్నాడు. నాన్నని నిజంగానే ప్రేమిస్తాడు ఆయన.

బల్ల నుంచి వెలివేసిన వాడికి సంఘం సమాధుల దొడ్డిలో చోటు లేదు. మా అమ్మ అక్కడే ఉంది. పక్కన కొంచెం నేల వదిలి పెట్టించుకున్నాడు నాన్న, తన కోసం. ఇప్పుడు రోజూ పోయి ఆ నేల చూసి వస్తున్నాడు. నిన్న చూసొచ్చి, "ఒరేయ్, ఒప్పుకుంటే ఆడ పడుకోనిస్తారంటావా?" అన్నాడు.

ఏమి చెప్పాలో చెప్పు. నాకు భయంగా ఉంది.

కృపాదానం


మద్రాసు
1947 మార్చి

కృపా,

ఒప్పుకోనివ్వకు. ఆయన్ని గదిలో పెట్టి గడియ వేసైనా సరే ఆపు. పాస్టరయ్యకి వేరే రాస్తున్నా, ఆ పైన ఉన్న మిషన్ దొరగారికీ రాస్తున్నా. ఒక్కసారి ఒప్పుకుంటే ఇక ఎవరూ దాన్ని చెరపలేరు. నా సంతకం, నీ మాట, ఏదీ నిలవదు.

ఇక్కడ సినిమా వంద రోజులు ఆడిందని సన్మానం చేశారు. నా మెడలోనూ ఒక దండ వేశారు. బయటికొచ్చి తీసేసి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని గదికి వచ్చాను. నేను రాసిన ఒక్క మాటని నేనే వెనక్కి తీసుకోలేకపోతున్నా. నన్ను ఏమైనా అను, ఆయన్ని మాత్రం ఆపు.

బ్రహ్మం


కొత్తగుంటపాలెం
1947 ఏప్రిల్

ఒరేయ్ బ్రహ్మం,

మళ్ళీ "ఒరేయ్" అంటున్నా. నీ మీద కోపం ఉంచుకునే ఓపిక కూడా లేదు నాకు.

ఆదివారం పాస్టరయ్య వచ్చాడు. నువ్వు రాసిన ఉత్తరం అందిందన్నాడు, సంఘ పెద్దల మాట కాదనలేనన్నాడు. నాన్న ఉతికిన కండువా వేసుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు. నేను పక్కనే కూర్చుని ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. పాస్టరయ్య, "ఒప్పుకోవాల్సిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. నాన్న నా వేళ్ళు ఒక్కొక్కటీ నెమ్మదిగా విప్పి లేచాడు.

"అన్నపూర్ణమ్మ గారిని నేనే చంపా" అన్నాడు.

అంతే. చానా చిన్న గొంతుతో అన్నాడు. వెనకవాళ్ళకి వినపడలేదంటే మళ్ళీ అనమన్నారు. మళ్ళీ అన్నాడు. నేను లేచి, "అబద్ధం! ఆయన చంపలేదు!" అని అరిచాను. రామయ్య గారు నా భుజం పట్టుకుని కూర్చోబెట్టి, "కొడుకన్నాక అట్టాగే ఉంటది" అని అందరికీ చెప్పాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. అందరూ నాన్నని కౌగిలించుకున్నారు.

కబురు అప్పుడే ఊళ్ళోకి పాకింది. ధనుంజయరావు గుడి వాకిట్లోకి వచ్చాడు. గూడెంలో ఆయన అడుగుపెట్టడం అదే మొదటిసారి. అందరి ముందూ నాన్నతో, "పోనీలేరా యేసుపాదం, నేను క్షమించా. పోలీసుల దాకా ఎందుకు?" అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. జనం ఆయనకి దణ్ణాలు పెట్టారు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయనా నా మొహంలోకి చూశాడు. మా ఇద్దరికీ తెలుసు, నాన్నకి తెలుసు, దేవుడికి తెలుసు. ఇంకెవరికీ అక్కర్లేదు.

తరవాత ప్రభు బల్ల. పాస్టరయ్య రొట్టె ముక్క నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. గుప్పిట మూసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను తప్ప ఎవరూ చూళ్ళేదు.

ఇంటికొచ్చాక నులకమంచం మీద కూర్చుని ఆ గుప్పిట నా ముందు పెట్టాడు.

"ఇన్నాళ్ళూ చెయ్యని పాపానికి బల్ల కాడికి రానీయలేదురా. ఇయ్యాళ చేశా. దేవుడి ముందర నిలబడి అబద్ధమాడా. ఇప్పుడు తినమన్నారు. ఈ నోటితో ఎట్టా తినేది?"

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నా.

"పారెయ్యకూడదు, తినకూడదు. సదువుకున్నోడివి గదరా, దీన్నేం జెయ్యాలో జెప్పు" అన్నాడు.

బ్రహ్మం, ఈ ముక్క రాసేప్పటికి కూడా ఆయన ఆ చెయ్యి విప్పలేదు.

కృపా